కొత్త తీరంలో తెరచాప

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మంచాలు, బీరువా, బియ్యం డబ్బా అన్నీ లారీకెక్కుతాయి. కొత్త ఊళ్లో అద్దె ఇల్లు, బడి, మందిరం కుదిరేవరకు పెద్దలకు తీరిక ఉండదు. అయితే పిల్లలు పాత ఊళ్లో మనసుపెట్టి నేర్చుకున్న విద్య ఏమైపోయిందని అడిగేవారు తక్కువ. మా ఇంటి అనుభవం అటువంటి కుటుంబాలకు పనికొస్తుందేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను పల్నాడులో పుట్టినదాన్ని. నాకు తెలిసిన నీళ్లల్లా సాగర్ కాలువ, ఊరి చెరువు. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చాము. మా అబ్బాయి పదేళ్ల వయసులో స్నేహితుడితో కలిసి హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకోవడానికి వెళ్లాడు. 16వ శతాబ్దంలో కుతుబ్ షాహీల కాలంలో తవ్వించిన చెరువు అది. సముద్రానికి అంత దూరాన ఉన్నా, దేశంలో పేరున్న తెరచాప పోటీలు అక్కడ జరుగుతాయి. పిల్లలకిచ్చే పడవను ఆప్టిమిస్ట్ అంటారు. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, ఒకే తెరచాప. నడిపేది ఒక్కరే. ఇంజను ఉండదు. చుక్కాని ఒక చేత, తెరచాప తాడు మరో చేత పట్టుకుని గాలిని గమనిస్తూ సాగాలి. గాలికి సరిగ్గా ఎదురుగా ఏ తెరచాప పడవా పోలేదు. ఏటవాలుగా కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిప్పుకుంటూ పోతేనే ఎదురుగాలిలో ముందుకు సాగుతుంది. ఇంట్లో పెద్దగా మాట్లాడని మావాడు ఆ పడవలో వేరే మనిషిలా ఉండేవాడు.

వాడికి పదమూడో ఏట, ఏప్రిల్ నెలలో, మావారికి విశాఖపట్నం బదిలీ అయింది. చెరువులో నేర్చినవాడికి ఇక సముద్రమే దొరుకుతుందని మేము సంతోషించాము. మొదటి శనివారం సాయంత్రమే బీచికి వెళ్లాము. డాల్ఫిన్స్ నోస్ కొండ, దూరాన నిలిచిన ఓడలు, చేపల పడవలు అన్నీ కనిపించాయి. తెరచాప మాత్రం ఒక్కటీ లేదు. వేట పడవలన్నిటికీ ఇంజన్లే. అక్కడ చిన్న పడవ దించే వీలూ లేదు. అలలు ఒడ్డునే విరుగుతాయి. మనిషిని లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయి. ఆ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉంటాము.

నెల తిరక్కుండానే మావాడు, “అమ్మా, నన్ను పిన్ని దగ్గర ఉంచేయండి. హైదరాబాదులోనే చదువుకుంటాను” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత చిన్న బిడ్డను ఇంటికి దూరంగా ఉంచాలా? లేక నాకు చూస్తేనే వణుకు పుట్టే ఆ నీళ్లలోకి పంపాలా? మావారు మాత్రం నిదానంగా, “పడవ కోసం తర్వాత వెతుకుదాం. ముందు ఈ సముద్రం తెలిసిన మనుషులను వెతుకుదాం” అన్నారు.

మందిరంలో పరిచయమైన ఒక అక్క మమ్మల్ని జాలరిపేటలో ఉన్న తన మామగారి దగ్గరకు తీసుకెళ్లింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. అందువల్ల ఇంటిల్లిపాదీ ఒడ్డునే వలలు బాగుచేసుకుంటున్నారు. డెబ్బై దాటిన ఆ పెద్దాయన వయసులో ఉండగా తెప్పకు తెరచాప కట్టి వేటకు వెళ్లినవాడు. తెప్ప అంటే దుంగలను తాళ్లతో బిగించి కట్టినది. ఇప్పుడు దాని స్థానంలో ఎక్కువగా ఫైబర్ పడవలు వచ్చాయి.

“తాతా, ఇక్కడ గాలి ఎలా ఉంటుంది?” అని మావాడు అడిగాడు.

“గాలినడిగే ముందు కాలాన్నడగాల, బాబూ” అన్నాడాయన.

ఆ తరువాత గంటసేపు చెప్పాడు. తెల్లవారుజామున గాలి నేల మీదినుంచి సముద్రంలోకి వీస్తుంది. దానితోనే వాళ్లు వేటకు పోయేవారు. ఎండెక్కి నేల కాగిన తరువాత గాలి సముద్రం మీదినుంచి ఒడ్డుకు తిరుగుతుంది. దానితో ఇంటికి వచ్చేవారు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివినవారికి ఈ మాట కొత్త కాదు. ఓడ ప్రయాణానికి కాలం మించిపోయిందని పౌలు హెచ్చరించినా వినక బయలుదేరారు. చివరకు ఆ ఓడ మెలితే ద్వీపం దగ్గర బద్దలైంది.

వచ్చేటప్పుడు ఆ పెద్దాయన నాతో, “అమ్మా, మా పడవలో షికారు తిరిగితే వాడికి విద్య రాదు. నేవీవాళ్లున్న ఊరిది. నేర్పేవాళ్లనడుగు” అన్నాడు.

తూర్పు నౌకాదళానికి ముఖ్య కేంద్రం విశాఖపట్నమే. జూన్‌లో బడి తెరిచాక విచారించాము. ఎన్‌సీసీలో సైనిక, వైమానిక విభాగాలతోపాటు నౌకాదళ విభాగం కూడా ఉంటుంది. అందులో పిల్లలకు తెడ్లు వేయడం, తెరచాప నడపడం నేర్పుతారు. శిక్షణకు ఫీజు కట్టనక్కరలేదు. వాడి బడిలో ఆ విభాగం ఉండడంతో పేరు ఇచ్చాడు.

మొదటి నెలలన్నీ తాళ్ల ముడులు, జెండా సంకేతాలు, తెడ్లతోనే గడిచాయి. వేలర్ అనే పడవ పొడవు 27 అడుగులు. అయిదుగురు అయిదు తెడ్లు వేస్తారు, ఒకరు చుక్కాని పడతారు. “అక్కడ పడవంతా నాదే. ఇక్కడ నేను అయిదుగురిలో ఒకణ్ణి” అని మావాడు చిన్నబుచ్చుకున్నాడు. కానీ ఒక్క తెడ్డు లయ తప్పితే పడవ పక్కకు తిరుగుతుందని కొద్ది వారాల్లోనే తెలుసుకున్నాడు. ఆ అయిదుగురే వాడికి కొత్త ఊళ్లో మొదటి స్నేహితులయ్యారు.

తుఫాన్ల నెలలు దాటాక, జనవరిలో, అలల తాకిడి లేని రేవు లోపలి నీళ్లలో తెరచాప ఎత్తారు. పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. నేను గట్టు మీద కొంగు పిడికిట బిగించుకుని నిలబడ్డాను. వాడికి చుక్కాని ఇవ్వలేదు. ముందు తెరచాప తాడు పట్టుకునే పని ఇచ్చారు. గాలి నిండి పడవ ఒరిగినప్పుడు నా గుండె ఆగినంత పనయింది. వాడు మాత్రం తాడు కొద్దిగా వదిలాడు, పడవ తేరుకుంది. ఆ రాత్రి అన్నం తింటూ ఆపకుండా మాట్లాడాడు. పిన్ని దగ్గరకు సెలవులకు మాత్రం వెళ్తానన్నాడు. నా భయం పోయిందని చెప్పలేను. కానీ ఆ భయం ఇప్పుడు నాతోపాటు గట్టు మీదనే ఉంటోంది, వాడి చేతులు కట్టేయడం లేదు.

మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే తెరచాప నౌకలో భూమిని చుట్టివచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవానుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి చేరారు. వారిలో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బి. ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. నాయకురాలు వర్తికా జోషిది సముద్రమే లేని ఉత్తరాఖండ్. ఈ విద్యకు సముద్రపు ఒడ్డున పుట్టనక్కరలేదు.

ప్రియ తల్లిదండ్రులారా, మీరు కొత్త తీరానికి వెళ్తే ముందు అక్కడి పెద్దలను కాలం గురించి, గాలి గురించి అడగండి. ఈత, లైఫ్ జాకెట్ లేనిదే బిడ్డను పడవ ఎక్కనివ్వకండి. చుక్కాని ఇవ్వకపోయినా, ఇచ్చిన తెడ్డు పట్టుకోమని చెప్పండి. పాత ఊళ్లో నేర్చిన విద్యకు కొత్త ఊళ్లో చోటు దొరికితే, ఆ ఊరు వాడికి త్వరగా సొంతమవుతుంది.