ఇంజనుకూ గోత్రం వుంది

పెళ్ళి సంబంధం వచ్చిందంటే మనవాళ్ళు ముందు గోత్రం అడుగుతారు. తరువాత ఇంటిపేరు, ఆ పైన మేనమామలది ఏ వూరని. పిల్లవాడి ఆరోగ్యం సంగతి చివర్న ఎప్పుడో గుర్తుకు వస్తుంది. కార్ల విషయంలోనూ అంతేనని మా మేనల్లుడి ధర్మమా అని నాకు తెలిసింది.

మాది చిత్తూరు. మా నాన్నగారు కొన్న 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఇంకా మా ఇంట్లో తిరుగుతూనే వుంది. మామిడి కాపు రోజుల్లో బంగారుపాళ్యం తోట నుంచి తోతాపురి బుట్టలు వేసుకుని పలమనేరులో మా అక్కయ్యగారింటికి పోవడం దాని ముఖ్యమైన వుద్యోగం. దారిలో మొగిలి ఘాటు వున్నది. అక్కడ మా బండి పెళ్ళినడక నడుస్తుంది. మేనల్లుడికి అది తలవంపుగా వుంది.

"ఏం మామా, లారీలు గూడా మనల్ని దాటుకోని పోతా వుంటే నీకు రోషం రాదా? నా బోనసు డబ్బులుండాయి. సూపర్‌చార్జరు పెట్టిద్దాం," అన్నాడు.

సూపర్‌చార్జరంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. మామూలు ఇంజను గాలిని తానే పీల్చుకుంటుంది. క్రాంక్‌షాఫ్టు నుంచి బెల్టు వేసి ఒక పంపును తిప్పితే, అది గాలిని బలవంతాన లోపలికి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగ్గ పెట్రోలూ, దానితో బలమూ ఎక్కువవుతాయి. పిల్లవాడి పక్కన నాయనమ్మ కూర్చుని ముద్దలు కుక్కినట్టన్నమాట. అయితే ఆ పంపు తిరగడానికి కావలసిన బలం కూడా ఇంజనే ఇచ్చుకోవాలి.

"ఇంగ్లండు ఎం.జి. కార్లలో వుండేదీ మన ఇంజనే. వాటికి షోరాక్ పంపులూ, జడ్సన్ పంపులూ పెట్టినారు. మనదానికి మాత్రం ఎందుకు పనికిరాదు?" అని వాడి వాదం.

ప్రశ్న సమంజసమైనదే. ఇద్దరం కాగితం ముందు వేసుకుని దాయాదుల చిట్టా రాశాం.

వంశకర్త బి.ఎం.సి. వారి బి-సీరీస్ ఇంజను. అంబాసిడర్‌కు మొదట్లో సైడ్‌వాల్వు ఇంజను వుండేది. 1959లో ఈ 1489 సి.సి. ఇంజను వచ్చింది. బలం 55 హార్స్‌పవర్. 1955లో పుట్టిన ఎం.జి.ఎ.దీ అదే 1489 సి.సి.; కాని బలం 68. 1962 నాటి ఎం.జి.బి.కి 1798 సి.సి., 95 హార్స్‌పవర్. పిస్టను నడిచే దూరం అన్నిటికీ ఒకటే, 88.9 మిల్లీమీటర్లు, ఎం.జి.బి. సిలిండరు మాత్రం 73 నుంచి 80 మిల్లీమీటర్లకు లావెక్కింది. 1990ల మొదట్లో అంబాసిడర్‌కు వచ్చిన 1817 సి.సి. ఇసుజు ఇంజను ఈ రక్తం కాదు, దత్తత వచ్చింది.

ఒకే కడుపున పుట్టిన 1489లలో ఒకటి 55, ఒకటి 68 ఎలా అయినాయి? ఎం.జి.ఎ.కు రెండు కార్బురెట్టర్లు, హెచ్చు కంప్రెషను. తేడా అంతా పెంపకంలో వున్నది.

పంపు లెక్కా వేశాం. వాతావరణపు ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. దానిమీద మరో 6 పౌన్లు కుక్కితే గాలి 40 శాతం పెరుగుతుంది. వేడికీ, పంపు కూలికీ పోగా 30 శాతం మిగిలినా మన 55 కాస్తా 71, 72 అవుతుంది. ఇంత చేసి, ఎం.జి.ఎ. ఏ పంపూ లేకుండా 1955లో వున్న చోటికి ఓ మెట్టు పైన చేరతామన్నమాట! వాడి ముఖం కొంచెం చిన్నబోయింది.

ఇక వంశపు బలహీనతలు. మా ఇంజనులో క్రాంక్‌షాఫ్టును మోసేవి మూడే బేరింగులు. ఎం.జి.బి. కూడా మూడింటితోనే మొదలై, 1964లో అయిదుకు వెళ్ళింది. పైగా దానికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు. మాదానికి నాలుగూ డ్రమ్ములే. ఎక్కడానికి బలం కొనుక్కుంటాం, సరే; దిగేటప్పుడు ఆపేదెవరు? 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసమే పాత వాల్వుసీట్లను అరగకుండా కాపాడేది. వేడి పెంచితే అరుగుదల ఇంకా పెరుగుతుంది. తయారీదారు లెక్కకు విరుద్ధంగా బండిని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనూ ఒప్పదు.

చివరకు అసలు ప్రశ్న అడిగాను: "ఒరే, ఘాటెక్కడానికి ఎంత బలం కావాలి?"

మనుషులు, బుట్టలతో బండి 1500 కిలోలనుకున్నాం. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే దారిలో, గంటకు 40 కిలోమీటర్ల వేగాన, ఎక్కడానికి 11 హార్స్‌పవర్ చాలు. రాపిడికీ, గాలికీ మరో 5 వేసినా 16. మనకు వుండవలసినవి 55! మరి అవి ఎక్కడికి పోయినట్టు?

కంప్రెషను చూపిస్తే రెండు సిలిండర్లు నీరసంగా వున్నాయి. వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదు. రేడియేటరు సగం పూడిపోయింది. చిల్లులు పడ్డ కుండలోకి ఎక్కువ నీళ్ళు పొయ్యాలని మేము చూస్తున్నాం.

వాడి బోనసులో కొంత వాల్వుసీట్లకూ, రేడియేటరుకూ, బ్రేకులకూ ఖర్చయింది. మిగతాది వాడి పేరనే బ్యాంకులో వున్నది. తిరుపతిలో హెడ్డు విప్పిన రోజున మేస్త్రీ ఒక పాత వాల్వును వాడి చేతిలో పెట్టాడు. అంచు చుట్టూ కాలి, అరిగిపోయి వుంది.

"ఇది తాత ఉన్నప్పటిదేనా మామా?"

అవునన్నాను. 1974లో రెండో ఘాటు రోడ్డు రాకమునుపు, 1944 నాటి పాత రోడ్డు మీదనే మా నాన్నగారు ఈ బండిలో అమ్మను తిరుమలకు తీసుకుపోయేవారు. మధ్యలో ఆపి, బానెట్టెత్తి, ఇంజను చల్లారేదాకా చెట్టుకింద కూర్చునేవారు. ఆయనకు రోషం వచ్చిన గుర్తు లేదు.

వాడు ఆ వాల్వును జేబులో వేసుకున్నాడు. ఇప్పుడది వాడి బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తున్నది. దాని కింద వున్నది మా దాయాదుల చిట్టాయే.