మసకను కొలిచే చిప్

ఫోన్‌లో తీసిన ఫొటో మసగ్గా వస్తే ఏం చేస్తాం? డిలీట్ కొట్టేస్తాం. ఆ మసక ఎంతుందో కూర్చుని కొలిచేవాళ్లూ ఉన్నారు. ఆర్నెల్లుగా నా రాత్రులు వాళ్ల లెక్కలతోనే గడుస్తున్నాయి.

గ్యాస్ నింపిన పెట్టెలోంచి చార్జ్ ఉన్న కణం దూసుకెళ్తే, దారి పొడవునా అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. విద్యుత్ క్షేత్రం వాటిని ఓ పక్కకు లాగుతుంది. 1974లో డేవిడ్ నైగ్రెన్‌కు తట్టిన ఐడియా ఇది. అప్పట్లో ఎలక్ట్రాన్లను తీగలతో పట్టేవాళ్లు. ఇప్పుడైతే సెర్న్‌లో పుట్టిన టైమ్‌పిక్స్ లాంటి చిప్‌లున్నాయి. బొటనవేలి గోరంత చోటులో 256 వరసలు, వరసకు 256 పిక్సెళ్లు, ఒక్కోటి 55 మైక్రాన్లు. పైన సన్నటి అల్యూమినియం జల్లెడ. ఎలక్ట్రాన్ అందులోంచి దిగగానే వేలుగా పెరిగి కింది పిక్సెల్‌ను తడుతుంది. అంటే ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చన్నమాట!

చిక్కేంటంటే అవి తిన్నగా రావు. అణువులను గుద్దుకుంటూ, బకెట్ నీళ్లలో నీలిమందు చుక్కలా విచ్చుకుంటాయి. అదే డిఫ్యూజన్. దాన్ని కొలవడం ఎలాగంటే, ఎలక్ట్రాన్ చేరిన సమయాన్ని టైమ్‌పిక్స్3 చిప్ 1.56 నానోసెకన్ల మెట్లలో రాసుకుంటుంది. సమయాన్ని వేగంతో గుణిస్తే వచ్చిన దూరం తెలుస్తుంది. ఆ దూరంలో గుంపు ఎంత వెడల్పయిందో పిక్సెళ్లే చూపిస్తాయి. నా పైథాన్ కోడ్‌లో 1 సెంటీమీటరుకు 0.3 మిల్లీమీటర్లు పెట్టా. 4 సెంటీమీటర్లకు 1.2 వస్తుందనుకుంటాం కదా? రాదు, 0.6 వస్తుంది. దూరం నాలుగింతలైతే వెడల్పు రెండింతలే. వెడల్పు వర్గాన్ని దూరంతో గ్రాఫ్ గీస్తే తిన్నటి గీత. దాని వాలే డిఫ్యూజన్ లెక్క.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం దీని తిరగేసిన లెక్క. ఎక్స్‌రే గ్యాస్‌లో ఒక్కచోట ఆగి గుండ్రటి గుంపును పుట్టిస్తుంది. గుంపు వెడల్పు చూసి అది ఎంత దూరం నుంచి వచ్చిందో అంచనా కట్టొచ్చు. సూర్యుడి నుంచి ఆక్సియాన్లు వస్తాయేమోనని వెతికిన సెర్న్ కాస్ట్ ప్రయోగంలో ఇలాంటి చిప్పే పెట్టారు. అక్కడ గుండ్రంగా ఉంటే ఎక్స్‌రే కావచ్చు, గీతలా సాగితే కాస్మిక్ కిరణం. ఆఫీసులో నేను రోజూ ఫిల్టర్ చేసి పారేసే నాయిస్ లాంటిదే ఇక్కడ సమాచారం.

డిటెక్టర్ ఫిజిక్స్‌లో మాస్టర్స్‌కి అప్లికేషన్ సగం నింపి ఉంచా. ఇంకో పద్దెనిమిది రోజుల గడువుంది. ఇంటి ఈఎంఐ నా జీతం మీదే నడుస్తోంది, చెల్లికి ఇంకో ఏడాది ఫీజు కట్టాలి. అమ్మకు గ్రాఫ్ చూపిస్తే శ్రద్ధగానే చూసింది. “బాగుంది నాన్నా, దీనికి నెలకెంతిస్తారు?” అంది. తప్పు ప్రశ్నేం కాదు. స్టైపెండ్ అంకె చెప్పా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “చెల్లి చదువయ్యేదాకా ఆగుతుందా ఆ సీటు?” అని అడిగింది.

ఆగుతుందో లేదో కనుక్కోమని ఆ యూనివర్సిటీకి మెయిల్ పెట్టా. ఈలోగా కోడ్‌లో అయస్కాంత క్షేత్రం కలుపుతున్నా. లాగే దిశలోనే దాన్ని పెడితే ఎలక్ట్రాన్లు పక్కలకు అంతగా చెదరవు. రాత్రి మొదటి రన్‌లో గుంపు సన్నబడింది.