బ్యాంకాక్‌లో బోటు డిన్నర్... అమ్మ లెక్కపెట్టిన లైఫ్ జాకెట్లు

బ్యాంకాక్ వెళ్తున్నానని ఆఫీసులో చెప్పి చూడండి. ఎదుటివాళ్ళ ముఖంలో ఒక రకం నవ్వు వస్తుంది. 'అమ్మానాన్నలతో' అని పూర్తి చేశారా, ఆ నవ్వు ఎగిరిపోయి 'వాళ్ళకి అక్కడేం చూపిస్తావు బ్రో?' అన్న ప్రశ్న మొదలవుతుంది. నేనైతే ముందే ఫిక్సయిపోయాను. నది చూపిస్తాను. ఊరి మధ్యలోంచి పోయే చావో ఫ్రాయా నది మీద, దీపాలు పెట్టే వేళకి బయల్దేరి, భోజనం పెట్టి, రెండు గంటలు తిప్పి తీసుకొచ్చే డిన్నర్ క్రూయిజ్.

చిక్కల్లా అమ్మతోనే. 'ఎక్కడికి రమ్మన్నా వస్తాను గానీ పడవ మాత్రం ఎక్కను' అని హైదరాబాద్‌లోనే తేల్చేసింది. నది పేరు చెప్పాక ఇంకాస్త బిగుసుకుంది. 'పేరులోనే చావు ఉంది. దాని మీద కూర్చుని అన్నం తినాలా?'

నవ్వేసి వదిలేసే భయం కాదిది. మాది కోనసీమ, సఖినేటిపల్లి దగ్గర ఊరు. 2019 సెప్టెంబరులో పాపికొండలకి బయల్దేరిన టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ బోటుని పైకి తీయడానికి నెల దాటింది. అన్ని రోజులూ అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. అంతకుముందు పంటు మీద హాయిగా నరసాపురం వెళ్ళొచ్చే మనిషి, ఆ తర్వాత చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది.

నాన్న దీనికి పూర్తి రివర్స్. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఉద్యోగం నరసాపురంలో, కాపురం ఇవతలి ఒడ్డున. ఏళ్ళ తరబడి పొద్దునా సాయంత్రం వశిష్ఠ గోదావరి దాటారు. ఆయనకి పడవంటే సిటీ బస్సుతో సమానం.

పెద్ద రిలీజ్‌కి ముందు చిన్న టెస్ట్ పెట్టుకోవడం మా వృత్తిలో అలవాటు. అదే చేశాను. వాట్ ఫో గుడిలో పడుకుని ఉన్న పెద్ద బుద్ధుడిని చూశాక, వెనకే ఉన్న తా తియెన్ రేవుకి తీసుకెళ్ళాను. అవతలి ఒడ్డున వాట్ అరుణ్. మధ్యలో నది. దాటించడానికి ఒక చిన్న బల్లకట్టు లాంటి పడవ, మనిషికి 5 బాత్‌లు.

అమ్మ రేవులో బల్ల మీద కూర్చుండిపోయింది. 'మీరిద్దరూ వెళ్ళి రండి.' నాన్న ఏం బతిమాలలేదు, పక్కనే కూర్చున్నారు. పడవ వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, వచ్చింది. స్కూలు పిల్లలు దిగారు. కాషాయం కట్టుకున్న బౌద్ధ సన్యాసి ఎక్కారు. కూరగాయల బుట్టతో ఒకావిడ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే, ఒడ్డుకీ పడవకీ మధ్య ఉన్న జానెడు సందు దాటేసింది. మూడో ట్రిప్పుకి అమ్మ లేచింది. 'ఆవిడ బుట్ట కూడా పట్టుకుంది కదా' అంది అంతే. దాటడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ కాసేపూ నాన్న మణికట్టు మీద అమ్మ వేళ్ళ గుర్తులు పడ్డాయి.

వాట్ అరుణ్ అంటే అరుణుడి గుడి. మన సూర్యుడి రథసారథి అనూరుడే. గోపురం నిండా చైనా పింగాణీ ముక్కలు పూలలా అతికించారు. దగ్గరికెళ్తే పళ్ళాలు, గిన్నెల అంచులు గుర్తుపట్టొచ్చు. ఆ గుడి ఉన్న ఒడ్డు పేరు థోన్‌బురి, అంటే ధనపురి. 1767లో బర్మా సైన్యం అయుత్థయను నాశనం చేశాక తాక్సిన్ రాజు రాజధాని పెట్టింది ఇక్కడే. 1782లో మొదటి రామ రాజు దాన్ని అవతలి ఒడ్డుకి మార్చాడు. ఇప్పుడు మనం బ్యాంకాక్ అంటున్న ఊరిని థాయ్ వాళ్ళు క్రుంగ్ థేప్ అంటారు. అసలు పూర్తి పేరు ఒక దండకమంత ఉంటుంది. అందులో అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, విశ్వకర్మ అందరూ వరసగా వస్తారు, కాకపోతే థాయ్ యాసలో. నాన్న ఆ పేరుని ఫోన్లో మూడుసార్లు చదివించుకున్నారు. 'మన సంకల్పంలా ఉందిరా' అన్నారు.

ఇక అసలు కథ. మీరూ వెళ్తే గనక ఒక మాట. ఈ క్రూయిజ్‌లన్నీ ఒకే రేవు నుంచి బయల్దేరవు. ఐకాన్‌సియామ్ మాల్ దగ్గర కొన్ని, రివర్ సిటీ నుంచి కొన్ని, ఏషియాటిక్ నుంచి కొన్ని. టికెట్ మీద రేవు పేరు చూసుకోకపోతే ట్రాఫిక్‌లో చిక్కుకుని పడవ వెళ్ళిపోవడం ఒడ్డు నుంచి చూడాల్సి వస్తుంది. మాది ఐకాన్‌సియామ్. స్కై ట్రెయిన్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే సాథోర్న్ రేవు, అక్కడి నుంచి మాల్‌కి చిన్న షటిల్ పడవ ఉంటుంది. మనిషికి 1,200 బాత్‌లు తీసుకున్నారు. మన డబ్బుల్లో మూడు వేల పైమాటే. అమ్మకి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

రేవులో చొక్కాకి రంగు స్టిక్కర్లు అంటించారు, ఏ రంగు వాళ్ళు ఆ పడవకి. మూడొంతుల మంది మనవాళ్ళే. గుజరాతీ ఫ్యామిలీలు, పంజాబీ పెళ్ళి బృందం, మా వెనకే గుంటూరు యాస. మా పడవకి రెండు అంతస్తులు. కింద ఏసీ, పైన ఓపెన్ డెక్. పైనే తీసుకోండి. కింద అద్దంలో మన ముఖాలే కనిపిస్తాయి.

ఎక్కీ ఎక్కగానే అందరూ సెల్ఫీలు మొదలుపెట్టారు. అమ్మ మాత్రం లైఫ్ జాకెట్లు లెక్కపెట్టింది. వేలితో చూపిస్తూ, బియ్యం సోలలు కొలిచినంత శ్రద్ధగా. 'రెండొందల మంది పైనే ఎక్కారు. నాకు కనపడేవి నలభయ్యే.' నాన్న నవ్వబోయి ఆగిపోయారు. మంచినీళ్ళు పెడుతున్న కుర్రాడిని పిలిచి, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో, సైగల్లో అడిగాను. వాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. విసుక్కుంటాడేమో అనుకున్నా. ట్రే పక్కన పెట్టి, మెట్ల పక్కనున్న పెద్ద పెట్టె మూత ఎత్తి చూపించాడు. నిండా జాకెట్లు. అవతలి వైపు ఇంకో రెండు పెట్టెలు చూపించాడు. తర్వాత ఒకటి తీసి అమ్మకి తొడిగి, బకిల్ ఎలా పెట్టాలో చూపించాడు. అమ్మ ఊడదీసి, తనే మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ ఊడదీసింది. అప్పుడు కూర్చుంది. పక్క టేబుల్ వాళ్ళు వింతగా చూశారు. చూడనివ్వండి. కొత్త బోటెక్కితే ఎవరైనా చేయాల్సిన మొదటి పని అదే అని నేనిప్పుడు అందరికీ చెప్తున్నాను.

పడవ ఉత్తరానికి, అంటే ఎగువకి బయల్దేరింది. ఫిబ్రవరి కాబట్టి గాలి చల్లగా ఉంది. చైనాటౌన్ వైపు దీపాలు, 1932లో కట్టిన మెమోరియల్ బ్రిడ్జి, దాని అవతల ధనపురి ఒడ్డున పోర్చుగీసు వాళ్ళ నాటి శాంటా క్రూజ్ చర్చి. సరిగ్గా ఇక్కడే బఫే తెరుస్తారు. ఇదొక చిత్రమైన ఏర్పాటు. నది మీద అత్యంత అందమైన అరగంట రాబోతుంటే, జనమంతా ప్లేట్లు పట్టుకుని నూడుల్స్ లైన్లో నిలబడతారు. మీరు మాత్రం తొందరపడకండి. తిరుగు ప్రయాణంలో లైను ఉండదు, గిన్నెలు మళ్ళీ నింపుతారు కూడా.

వాట్ అరుణ్ ఎడమ వైపు వచ్చింది. బంగారు రంగు వెలుగులో పింగాణీ గోపురం. ఒక్కసారిగా డెక్ మీద జనమంతా ఎడమ రెయిలింగ్ దగ్గరికి పరుగు. అమ్మ ముఖం తెల్లబడింది. 'అందరూ ఒక్క పక్కకే పోతున్నారేంటండీ!' అని నాన్న చెయ్యి పట్టి లాగి కుడి వైపుకి వెళ్ళిపోయింది. ఇంత వెడల్పు ఇనప పడవకి ఆ బరువు ఒక లెక్క కాదని చెప్పడానికి సెంటర్ ఆఫ్ గ్రావిటీ గురించి ఎత్తుకున్నాను. అమ్మ వినలేదు. బ్యాలెన్స్ చేయడానికి మమ్మల్నిద్దర్నీ పక్కన నిలబెట్టుకుంది. దాంతో ఏమైందంటే, కుడి వైపు మొత్తం మాకే మిగిలింది. కాసేపటికి అటు పక్క గ్రాండ్ ప్యాలెస్ శిఖరాలు, వాట్ ఫ్రా కయో బంగారు స్తూపం, అడ్డంగా ఒక్క తల లేకుండా, మా ముగ్గురి ముందు నుంచి మెల్లగా జరిగిపోయాయి. ఆ గుడి ప్రాకారం లోపల గోడల నిండా రామకియెన్ బొమ్మలుంటాయి, అంటే వాళ్ళ రామాయణం. పొద్దున చూసొచ్చాం కాబట్టి అమ్మ చీకట్లోనే దణ్ణం పెట్టుకుంది.

ఈ ముక్క దగ్గరే నాన్నకి ఒక సంగతి చెప్పాను. మేం వెళ్తున్న ఈ నది అసలు నది కాదు. పదహారో శతాబ్దంలో చైరాచా అనే రాజు తవ్వించిన కాలవ. అప్పట్లో చావో ఫ్రాయా ఇక్కడ పడమటికి పెద్ద వంపు తిరిగేది. సముద్రం నుంచి అయుత్థయ వెళ్ళే ఓడలు ఆ వంపంతా చుట్టి రావాల్సి వచ్చేది. వంపు రెండు చివర్లనీ కలుపుతూ రాజు ఒక షార్ట్‌కట్ తవ్వించాడు. నీళ్ళకి దగ్గర దారి దొరికితే ఊరుకుంటాయా? ఏళ్ళు గడిచేకొద్దీ కాలవ కోసుకుని కోసుకుని వెడల్పయి అసలు నదైపోయింది. పాత నది సన్నబడి కాలవలైపోయింది. వాట్ అరుణ్‌కి దిగువన బ్యాంకాక్ యై, సిరిరాజ్ ఆసుపత్రి పక్కన బ్యాంకాక్ నోయ్ అని ఇప్పుడు కనిపించే కాలవల నోళ్ళు ఆ పాత నదివే. అంటే వేలమంది రోజూ రాత్రి ఫోటోలు తీసుకునే ఈ నదంతా మనుషులు పారలతో మొదలుపెట్టిందన్నమాట.

నాన్న చాలాసేపు నీళ్ళ వంకే చూశారు. ధవళేశ్వరం కాలవల నీళ్ళు తాగి పెరిగిన మనిషి. 'కాటన్ దొర తవ్వించిన కాలవలు కాలవల్లాగే ఉండిపోయాయి. ఇక్కడ కాలవే నదైంది' అన్నారు. తర్వాత నీళ్ళ మీద తేలుతున్న గుర్రపుడెక్క గుబుర్లు చూపించి, 'అవి ఎటు పోతున్నాయో చూడు' అన్నారు. చూశాను. సముద్రం వైపు పోవాల్సినవి ఎగువకి, మాతోపాటే వస్తున్నాయి. 'పోటు మీదుంది. నరసాపురంలోనూ ఇంతే.' నేను గూగుల్‌లో చదివిన నదిని ఆయన ఒక్క గుర్రపుడెక్కతో చదివేశారు. థాయ్ వాళ్ళు ఆ మొక్కని జావా కూర అంటారు. అది అక్కడి నుంచే వచ్చిందిట.

వేలాడే తీగలతో, ఒకే ఒక్క స్తంభం మీద నిలబడిన రామా 8 బ్రిడ్జి దగ్గర పడవ వెనక్కి తిరిగింది. అప్పుడు ఎదురొచ్చింది అసలైన దృశ్యం. ఏ బ్రోషర్‌లోనూ ఉండదది. ఒక చిన్న టగ్గు బోటు, దాని వెనక తాళ్ళతో కట్టిన కొండంత ఇనప బార్జీలు. రంగు దీపాలు లేవు, పాటలు లేవు. చివరి బార్జీ మీద తాడు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, లోపల ఒక బల్బు వెలుగుతోంది. ఎవరో అన్నం తింటున్నారు. అదీ డిన్నర్ క్రూయిజే కదా. నాన్న ఆ సరంగుకి చెయ్యి ఊపారు. అతను చూశాడో లేదో.

భోజనం సంగతీ చెప్పాలి కదా. థాయ్ వంటలో చేపల సాస్ పడని కూర ఉండదంటే అతిశయోక్తి కాదు, బొప్పాయి సలాడ్‌లో కూడా. శాకాహారులు బుకింగ్‌లోనే 'ఇండియన్ వెజ్' అని పెట్టుకోండి. బయట హోటళ్ళలో అయితే 'జే' అని అడగాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటే ఆ హోటలన్నమాట. మాకు పెట్టిన పనీర్, పప్పు మన ఆఫీసు క్యాంటీన్ స్థాయిలోనే ఉన్నాయి, ఇంకా చెప్పాలంటే ఓ మెట్టు కిందే. కానీ కొబ్బరిపాలు పోసిన జిగురన్నంలో మామిడిపండు నంజుకోవడం అమ్మకి నచ్చేసింది. 'పెరుగన్నంలో మనం తినమూ? వీళ్ళు మనవాళ్ళేరా' అని సర్టిఫికెట్ ఇచ్చేసింది. కార్తీక పౌర్ణమి రోజుల్లోనే వీళ్ళు లోయ్ క్రతోంగ్ పండగ చేసి, అరటిబోదె ముక్క మీద దీపం పెట్టి ఇదే నదిలో వదులుతారని చెప్తే ఇంకా మురిసిపోయింది.

తిరుగు ప్రయాణం మొత్తం డీజే. గాయని హిందీ పాటలందుకుంది, పెళ్ళి బృందం లేచింది, గుంటూరు వాళ్ళు చీటీ పంపి తెలుగు పాట పెట్టించారు. డ్యాన్స్ ఫ్లోర్ కిటకిట. నాకు చిరాకేసిందనే చెప్పాలి. అంత డబ్బు పోసి నది మధ్యకొచ్చి నదికి వీపు పెట్టి ఎగరడం ఏమిటో! అయితే దానివల్ల లాభం కూడా మాకే. వాట్ అరుణ్ రెండోసారి, ఈసారి కుడి వైపు వచ్చినప్పుడు రెయిలింగ్ ఖాళీ. అమ్మ ఈసారి అడక్కుండానే లేచి అటు వెళ్ళింది. పక్కనుంచి ఇంకో పెద్ద క్రూయిజ్ పోయి అలకి మా పడవ కాస్త ఊగింది. రెయిలింగ్ గట్టిగా పట్టుకుంది గానీ, వెనక్కి రాలేదు.

క్రూయిజ్‌కి అంత ఖర్చు దండగా అంటే, గుడులు, ప్యాలెస్ రాత్రి వెలుగులో నీళ్ళ మీంచి చూడటం ఒక్కసారైనా బాగుంటుంది. తిండి కోసం, పాటల కోసం అయితే వద్దు. నది కోసమే అయితే ఆరెంజ్ జెండా ఎక్స్‌ప్రెస్ పడవ చాలు. ఎంత దూరమైనా మేం వెళ్ళినప్పుడు 16 బాత్‌లే. సన్యాసులకి విడిగా చోటుంటుంది, మిగతా వాళ్ళం ఊళ్ళో జనంతో కలిసి నిలబడతాం.

దిగేటప్పుడు ఆ కుర్రాడే చెయ్యి అందించి అమ్మని దింపి, రెండు చేతులూ జోడించాడు. అమ్మ కూడా జోడించి, 'చల్లగా ఉండు నాయనా' అంది తెలుగులోనే. హోటల్‌కి రాగానే పిన్నికి వాయిస్ మెసేజ్ పెట్టింది. గుడి గురించి లేదు, ప్యాలెస్ గురించి లేదు. 'పడవలో భోంచేశామే. జాకెట్లు సరిపడా ఉన్నాయి, చూశాను.'

మర్నాడు ప్లాన్‌లో షాపింగ్ ఉంది. నాన్న ఆరెంజ్ జెండా పడవలో చివరి రేవు నోంతబురి దాకా వెళ్ళొద్దామన్నారు. నేను చార్జర్ వెతుక్కుంటుంటే, అమ్మ గొడుగు పట్టుకుని ముందే లిఫ్ట్ దగ్గర నిలబడింది.