బోణీ బేరం

పని మీద మనసు విరగకుండా రోజూ కృతజ్ఞత చెప్పుకునే అలవాటు బజారులో ఉన్నంత బాహాటంగా ఆఫీసుల్లో కనిపించదు. కూరగాయల బండి దగ్గర పొద్దుటి మొదటి బేరం తెగగానే, అమ్మే మనిషి చేతిలో పడ్డ నోటును తక్కెడకు తాకించి, కళ్ళకద్దుకుని పెట్టెలో వేస్తుంది. ‘బోణీ బేరం, కాదనకండి’ అంటూ ఆ ఒక్కరికి మాత్రం రెండు రూపాయలు తగ్గించడమూ మామూలే. ఫోన్లతో డబ్బు కట్టే రోజులు వచ్చాక నోటు కంటపడటం తగ్గింది. సొమ్ము అందిందని గట్టిగా చెప్పే చిన్న పెట్టెకే కొందరు దండం పెడుతున్నారు. స్టీరింగును తాకి బస్సు తీసే డ్రైవరు, మిషను చక్రాన్ని తాకి చేయి కళ్ళకద్దుకునే దర్జీ కూడా ఈ కోవలోని వాళ్ళే. ఇందులో భక్తి పాలు ఎంత, బేరాలు తగలవేమోనన్న భయం పాలు ఎంత అన్నది తేల్చడం కష్టం. రెండూ కలిసే ఉంటాయి.

ఏడాదికోసారి చేసేవి వేరే ఉన్నాయి. జ్యేష్ఠ పౌర్ణమి నాడు ఏరువాకకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, అరకకు పూజ చేస్తారు. దసరా నవరాత్రుల్లో ఆయుధ పూజకు మెకానిక్ షెడ్డులోని పానాలకూ, ఆఫీసులోని కంప్యూటర్లకూ బొట్టు పడుతుంది. అయితే పండగకు చేసే పూజ వేరు, పొద్దున్నే చేసే ఈ అరక్షణం పని వేరు. రోజువారీ విసుగుకు మందు రోజూ పడాలి.

ఆ విసుగు ఊరికే రాదు. మంచి కంటే చెడు మనిషి మనసులో లోతుగా దిగబడుతుంది. పది ఫైళ్ళు సాఫీగా కదిలిన రోజున కూడా పై అధికారి విసిరిన ఒక్క మాటే ఇంటిదాకా వెంట వస్తుంది. అన్నం దగ్గర కూర్చున్నా అదే నలుగుతుంది. పది ఫైళ్ళ సంగతి పనిగట్టుకుని గుర్తు చేసుకుంటే తప్ప గుర్తుకు రాదు. కృతజ్ఞత పాటించడమంటే ఆ పనిగట్టుకోవడమే.

అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షకు పెట్టి 2003లో ఫలితాలు ప్రకటించారు. కొందరు విద్యార్థుల చేత కృతజ్ఞత పుట్టించిన విషయాలూ, కొందరి చేత చికాకులూ, ఇంకొందరి చేత ఊరికే జరిగిన సంగతులూ వారం వారం 10 వారాల పాటు రాయించారు. మొదటి జట్టు వాళ్ళు తమ బతుకు గురించి మిగతా వాళ్ళ కంటే మెరుగ్గా భావించారు. రోజుకు మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో కారణంతో సహా రాసుకునే పద్ధతిని మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో పరీక్షించింది. వారం రోజుల ఆ సాధన ఫలితం ఆరు నెలల తర్వాత కూడా కనిపించింది.

అదే ఏడాది సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చెప్పిన మాట మాత్రం ఇంకో రకంగా ఉంది. వారానికి ఒకసారి రాసిన వాళ్ళకు మేలు జరిగింది, మూడుసార్లు రాసిన వాళ్ళకు జరగలేదు. ‘ఉద్యోగం ఉంది, ఆరోగ్యం ఉంది, పిల్లలున్నారు’ అని రోజూ అవే మూడు ముక్కలు రాస్తే, నాలుగో రోజుకు చేయి రాస్తుంది గానీ మనసు అక్కడ ఉండదు. బోణీకి ఆ ఇబ్బంది లేదు. రోజూ చేసేదే అయినా నోటు ఇచ్చిన మనిషి వేరు, బేరం వేరు.

కాబట్టి రోజూ రాయదలిస్తే ఆ రోజుకే చెందిన సంగతి రాయాలి. బడి పంతులు ‘నా వృత్తి పవిత్రమైనది’ అని రాసుకుంటే ఒరిగేది ఏమీ లేదు. ‘ఏడో ఎక్కం దగ్గర నెల రోజులుగా ఆగిపోతున్న పిల్లవాడు ఇవాళ తడుముకోకుండా ఒప్పజెప్పాడు’ అని రాస్తే మర్నాడు క్లాసుకు వెళ్ళబుద్ధి వేస్తుంది. రాత్రి డ్యూటీ నర్సు దిగిపోతూ ఏ మంచం మీది రోగికి ఏ మందు ఎప్పుడు పడాలో విడమరిచి రాసి పెట్టి ఉంటే, పొద్దున వచ్చిన నర్సు పుస్తకంలో రాసుకోవలసినది ఆమె సంగతే. ఆ సాయంత్రం ఆమె కనిపించినప్పుడు నోటితో చెప్పేస్తే ఇంకా మంచిది. పుస్తకంలో నింపేసి మనిషికి చెప్పకపోవడం పిసినారితనమే.

ఈ సాధన చేయలేని పనులూ ఉన్నాయి. ‘ఈ రోజుల్లో ఉద్యోగం ఉండటమే గొప్ప, సంతోషించు’ అని జీతం పెంచని యజమాని చెప్పేది కృతజ్ఞత పాఠం కాదు, నోరు మూయించే ఎత్తు. విసుగుకూ అన్యాయానికీ తేడా ఉంది. ఊపిరాడని పని గంటలు, చేతికి రాని ఓవర్‌టైం, తోటివాళ్ళ ముందు చేసే అవమానం రాత్రిపూట మూడు మంచి విషయాలు రాసుకుంటే పోయేవి కావు. బకాయి పడ్డ జీతానికి అర్జీయే పెట్టుకోవాలి.