తులమెంత? లీటరెంత?

లాడ్ బజార్‌లో లక్క గాజుల బేరం తెమిలేసరికి గంటన్నర పట్టింది. చికాగోలో ఉన్న కూతురి కోసం డజన్లకొద్దీ కొన్న మా పెద్దక్క, చివర్లో అత్తరు కూడా కావాలంది. ‘తులమా, రెండు తులాలా అమ్మా?’ అన్నాడు దుకాణదారు. తులమంటే 11.66 గ్రాములు. అంటే తూకం! ఆయన మాత్రం కాటా ముట్టలేదు, సీసాకి కొలిచి పోసిచ్చాడు. ఒకే సీసాలో ఏ నూనె పోస్తే ఆ నూనె బరువే తూగుతుంది కదా! లీటరు నీళ్లు కిలో. అదే లీటరు కిరోసిన్ దాదాపు 800 గ్రాములే. అదే సాంద్రత.

అక్క బెంగంతా పెట్టె 23 కిలోలు దాటుతుందేమోనని. నాకేమో ఇంకోటి తట్టింది. మన పెట్టెల్ని కిలోల్లో తూచే విమానం, తన ఇంధనాన్ని లీటర్లలో నింపుకుంటుంది!

విమానం తాగే జెట్ ఏ-1 కిరోసిన్‌కి దగ్గరి చుట్టమే. 15 డిగ్రీల దగ్గర లీటరు 775 నుంచి 840 గ్రాముల మధ్య తూగాలి. వేడెక్కితే ఉబ్బి తేలికవుతుంది. ట్యాంకు మాత్రం పెరగదుగా! 2021 జనవరిలో శంషాబాద్ నుంచి చికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టినప్పుడు ఎయిరిండియా వాడిన బోయింగ్ 777-200ఎల్ఆర్‌నే తీసుకోండి. దాని ట్యాంకుల్లో పట్టేది సుమారు 1,81,000 లీటర్లు. ఇంధనం 15 డిగ్రీలున్నప్పుడు నింపితే ఒక బరువు. మన మే నెల ఎండకి 40 డిగ్రీలకు చేరాక నింపితే మూడు టన్నులకు పైగా తక్కువ. ఇంజన్‌కి కావలసింది బరువే కాబట్టి, దాదాపు అరగంట ప్రయాణానికి సరిపడే తిండి తగ్గినట్టే.

పోనీ, బరువైన ఇంధనం దొరికితే పండగేనా? అదీ కాదు. ఆ విమానం నేల విడిచేటప్పుడు మొత్తం 347 టన్నులు దాటకూడదు. జనం, సామాను నిండుగా ఉంటే ట్యాంకు నిండకముందే కాటా నిండిపోతుంది. ఇక దించాల్సింది సరుకునో, మనుషులనో!

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 1983 జులై 23న తెలిసింది. ఎయిర్ కెనడా బోయింగ్ 767కి కావలసింది 22,300 కిలోలు. ఇంధనం మీటర్లు పనిచేయకపోవడంతో పుల్లలతో లీటర్లు కొలిచారు. వాటిని కిలోలుగా మార్చడానికి 0.8తో గుణించాలి. సిబ్బంది 1.77తో గుణించారు. అది లీటరు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె! కెనడా అప్పుడప్పుడే మెట్రిక్ కొలతల్లోకి మారుతోంది మరి. సగానికి తక్కువ ఇంధనంతో బయల్దేరిన విమానం 41 వేల అడుగుల ఎత్తున ఉండగా ట్యాంకులు ఖాళీ అయిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ దాన్ని గాలిపటంలా తేలుస్తూ గిమ్లీ ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దించాడు. అప్పటికే అక్కడ కార్ల పందేలు నడుస్తున్నాయి. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. ఆ విమానం బాగుపడి, 2008 దాకా ఎగిరింది.