కాకుల్ని తోలే ఉద్యోగం

మన ఊళ్ళలో "వైన్స్" అని బోర్డు పెట్టిన కొట్లోకెళ్ళి నిజంగా వైన్ అడిగితే కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు :) కాబట్టి నేనో వైనరీ గురించి రాస్తున్నానంటే, వీడికిదేం పుట్టిందిరా అనుకునేవాళ్ళుంటారు. ఇది తాగుడు సంగతి కాదు లెండి. ఉద్యోగాల సంగతి.

టోక్యోలో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు ఒక అక్టోబర్ ఆదివారం అషికాగా అనే ఊరికి వెళ్ళాం. అసకుసాలో తోబు రైలెక్కితే గంటంపావు ప్రయాణం. అక్కడి విస్టేరియా పూల తోట ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు, మనవాళ్ళు ఏప్రిల్ చివర్లో గుంపులుగా పోతారు. మేం వెళ్ళింది పూలు లేని కాలంలో. మా జపనీస్ సహోద్యోగి ఒకాయన "కొకో ఫార్మ్ చూపిస్తాను రండి" అని లాక్కెళ్ళాడు.

ఊరి బయట నిట్టనిలువు కొండ, దాని మీద ద్రాక్ష తోట. కిందనుంచి చూస్తుంటే పైనెక్కడో టంగ్ టంగ్ మని డబ్బా మోగుతోంది. ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. ఏమిటని అడిగితే, "కాకుల్ని తోలుతున్నారు" అన్నాడాయన. పళ్ళు పండే కాలమంతా పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరో ఒకరు పైన కూర్చుని డబ్బా కొడుతూనే ఉంటారట. అదే ఆ మనిషి ఉద్యోగం.

దీని వెనక కథ కొంచెం చెప్పాలి. 1958లో అక్కడి మిడిల్ స్కూల్లో కవాడా నొబోరు అని ఒక టీచరుండేవారు. ఆయనది చదువు ఎక్కని, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల క్లాసు. ఇళ్ళలో ముద్దుచేసి ఏ పనీ ముట్టుకోనివ్వకపోవడంతో వాళ్ళ చేతులు తెల్లగా, మెత్తగా ఉండేవట. ఆయన ఆ పిల్లల్ని తీసుకుని ఈ కొండ కొట్టడం మొదలుపెట్టారు. మంచి భూమి కొనే స్తోమత ఉంటే కొండెందుకెక్కుతారు చెప్పండి? వాలు సగటున 38 డిగ్రీలు. త్రికోణమితి గుర్తున్నవాళ్ళు లెక్కేసుకోండి, అడ్డంగా 10 మీటర్లు జరిగితే నిలువుగా దాదాపు 8 మీటర్లు ఎక్కుతాం. ట్రాక్టరు మాట దేవుడెరుగు, నిలబడ్డమే గగనం.

1969లో ఆ కొండ కిందే కొకొరోమి గకుఎన్ అని ఆ పిల్లలుండే ఇల్లు మొదలైంది. కొకొరోమి అంటే ప్రయత్నం, ప్రయోగం అని అర్థం. తర్వాత వైన్ చేద్దామనుకున్నారు. సేవా సంస్థకి సారా లైసెన్సు రాదు (సర్కారు ఎక్కడైనా సర్కారే). దాంతో 1980లో తల్లిదండ్రులే డబ్బులేసుకుని విడిగా కంపెనీ పెట్టారు. 1984లో లైసెన్సు వచ్చింది. కంపెనీ ఆ సంస్థ దగ్గర ద్రాక్ష కొంటుంది, పని చేయించుకుని డబ్బు కడుతుంది. విరాళం కాదు, వ్యాపారం.

నన్ను పట్టేసిన విషయం ఇక్కడుంది. మనం ప్రాసెస్ చూడగానే అడిగే మొదటి ప్రశ్న, ఇందులో ఎంతమందిని తీసేయొచ్చు అని. ఆటోమేషన్ అని దానికి ముద్దుపేరు. ఆ కొండ మీద ప్రశ్న తిరగబడింది. కలుపు మందు మొదటినుంచీ కొట్టలేదు, కాబట్టి గడ్డి కోసేవాళ్ళు కావాలి. వాలు వల్ల యంత్రాలెక్కవు, కాబట్టి బుట్టలు మోసేవాళ్ళు కావాలి. జపాన్లో వానలెక్కువ, అందుకని ఒక్కో గుత్తికీ చిన్న కాగితం గొడుగు తొడుగుతారు, చేత్తో. నురగ వైన్ సీసాల్లో మడ్డి మూతి దగ్గరికి చేరడానికి వాటిని రోజూ కాస్త కాస్త తిప్పాలి. షాంపేన్ దేశంలో ఆ పనికి యంత్రాలొచ్చి చాలా ఏళ్ళయింది. ఇక్కడ మనుషులే తిప్పుతారు. మీకూ నాకూ పదో సీసాకి విసుగొచ్చేస్తుంది. రోజూ అదే పని అదే క్రమంలో చెయ్యడమంటే ఇష్టపడే మనిషికి రాదు. పొలానికి పోలేనివాళ్ళకి వంట, బట్టలు ఆరెయ్యడం. చలికాలం పుట్టగొడుగుల దుంగలు మొయ్యడం. జాబ్ డిస్క్రిప్షన్ రాసి దానికి మనిషిని వెతకడం మన పద్ధతి. వాళ్ళు మనిషిని చూసి పని వెతికారు.

అయితే సరుకు విషయంలో రాజీ లేదు. పాపం వీళ్ళు చేశారు కదా అని కొనే సీసా కాకూడదన్నది మొదటినుంచీ పట్టుదల. 1989లో కాలిఫోర్నియా నుంచి బ్రూస్ గట్లవ్ అనే నిపుణుడు సలహా ఇవ్వడానికొచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయాడు. 2000లో ఒకినావాలో జీ-8 దేశాధినేతల విందులో పోసింది ఈ కొండ కింద చేసిన నురగ వైనే. పేరు నోవో. సీసాలు తిప్పినవాళ్ళకి జీ-8 అంటే తెలుసో లేదో మరి. మనకి మాత్రం ఏం తెలుసు లెండి.

ఒక అనుమానం నాకూ ఉంది. ఇలా ఊరి బయట కొండ దగ్గర పెట్టడం కూడా ఓ రకం వెలివేత కాదా? 2006 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక కూడా వికలాంగులు అందరి మధ్యా, తమకిష్టమైన చోట బతకాలంటుంది. అది సరైన మాటే. అక్కడ ఏటా నవంబర్లో జరిగే పంట పండగకి జనం తండోపతండాలుగా వచ్చి ఆ వాలు మీదే చాపలేసుకుని కూర్చుంటారట. అదొక్కటే సరిపోతుందా అంటే సరిపోదనే అంటాను. కానీ "అందరి మధ్యా" బతకడమంటే ఏమిటో మా ఇంట్లో చూశాను కాబట్టి, ఆ కొండని తీసిపారెయ్యలేను.

మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, ఇప్పుడు నలభై దాటాడు. చిన్నప్పుడు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లో పరీక్షలు చేయించారు. ఆ కాగితం మీదున్న అంకె తప్ప వాడి గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఊరందరి మధ్యా, వీధి అరుగు మీద ముప్పై ఏళ్ళుగా కూర్చునే ఉన్నాడు. అందరూ పలకరిస్తారు, పండిస్తారు, కాఫీ ఇస్తారు. పని మాత్రం ఎవరూ చెప్పరు. ఒకసారి మోటారు కట్టెయ్యమంటే వారం రోజులు సరిగ్గా టైముకి కట్టాడు. తర్వాత "వాడికెందుకు, షాక్ కొడుతుంది" అని మాన్పించారు. మాన్పించినవాళ్ళకి వాడంటే ప్రాణం. రాత్రుళ్ళు వాడికి నిద్ర పట్టదు, ఇల్లంతా తిరుగుతుంటాడు.

కవాడా గారు 2010లో పోయారు. మొదట కొండెక్కిన తరం ముసలైపోయింది. పొలానికెళ్ళేవాళ్ళు తగ్గుతున్నారు. మనం పోయాక వీళ్ళనెవరు చూస్తారన్న భయంతో డబ్బులేసిన తల్లిదండ్రులు చాలావరకు లేరు. పిల్లలు మాత్రం అక్కడే ఉన్నారు.

ఆ మధ్య పెద్దమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పాను. జపాన్, జీ-8 అన్నప్పుడు ఊఁ కొట్టింది. డబ్బా కొట్టే ఉద్యోగం గురించి చెప్తే మాత్రం మళ్ళీ చెప్పమంది.

"ఏరా, అంత కొండెక్కి దిగితే వాళ్ళకి ఒళ్ళు నొప్పులుండవూ?"

"ఉంటాయి పెద్దమ్మా. మొదట్లో ఆకలితో, అలసటతో పడిపోయేవాళ్ళట."

"రాత్రి నిద్ర పడుతుందన్నమాట" అంది.

తర్వాత కాసేపటికి, మోటారుకి షాక్ కొట్టని స్విచ్ ఏదైనా ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. వచ్చే నెల వెళ్తున్నాను.