చందమామను కనలేని బేరిపండు

చిన్నప్పుడు వేసవి రాత్రుల్లో డాబా మీద పడుకోబెట్టి నాన్నగారు చెప్పిన కథ ఒకటి ఇప్పటికీ గుర్తుంది. భూమి ఒకప్పుడు కరిగిన ముద్దట. గిరగిరా తిరుగుతూ సాగి, ఒక పక్కన ఉబ్బి, ఆ ఉబ్బు తెగి చందమామ అయిందట. మొన్నామధ్య మా అమ్మాయికి అదే చెప్పబోయి ఆగిపోయాను.

కారణం చంద్రశేఖర్ 1969లో వెలువరించిన 'ఎలిప్సాయిడల్ ఫిగర్స్ ఆఫ్ ఈక్విలిబ్రియం'. అందులోని గణితం సగం నాకు కొరుకుడు పడలేదు గానీ, చరిత్ర చెప్పే తొలి అధ్యాయం నవలలా చదివించింది.

తన ఆకర్షణతోనే ముద్దగా నిలిచిన ద్రవం తిరగకుంటే గోళం. తిరిగితే ధ్రువాల దగ్గర అణుగుతుంది. న్యూటన్ 1687లో చెప్పినది ఇదే. భూమి మధ్యరేఖా వ్యాసార్ధం ధ్రువ వ్యాసార్ధం కన్నా సుమారు 21 కిలోమీటర్లు ఎక్కువ. 1742లో మెక్లారిన్ ఆ అణుగుడుకు కచ్చితమైన లెక్క కట్టాడు. నడుము ఎప్పుడూ వృత్తంగానే ఉంటుందని అందరూ అనుకుంటూండగా, 1834లో జాకోబీ మూడు అక్షాలూ వేరువేరైన సాగిన ఆకారమూ నిలవగలదని చూపాడు. 1885లో పోంకరే ఆ సాగిన ఆకారం నుంచి బేరిపండు వంటిది పుట్టగలదన్నాడు.

బేరిపండు మెడ సన్నబడి తెగితే రెండు ముక్కలు! చంద్రుడు భూమి నుంచే విడివడ్డాడని 1879లోనే ప్రతిపాదించిన జార్జి డార్విన్‌కు (కోతి తాత డార్విన్ గారి కొడుకే) ఇంతకన్నా ఏం కావాలి? ఆ ఆకారం స్థిరమేనని లెక్కలు వేసి చూపాడు. 1905లో రష్యా నుంచి ల్యాపునోవ్ కాదన్నాడు. తగవు తేలకుండానే 1912లో డార్విన్ కన్నుమూశాడు. 1917లో జీన్స్ లెక్కను మరికొంత దూరం నడిపి చూస్తే ల్యాపునోవ్ మాటే నిజమైంది.

సూదిని మొన మీద నిలపడం కాగితం మీద సాధ్యమే. గాలి సోకితే పడుతుంది. సమతౌల్యం వేరు, స్థిరత్వం వేరు. బేరిపండుకు మొదటిది ఉంది, రెండవది లేదు. నెమ్మదిగా పెరిగి చందమామను కనేంత కాలం అది నిలవలేదు. భూమిని మరో గ్రహమంత పిండం ఢీకొంటే చెదిరిన శకలాలే చంద్రుడయ్యాయన్నది 1970ల నుంచి బలపడిన వాదం.

అమ్మాయికి రెండు కథలూ చెప్పాను. "అయితే తాతయ్య అబద్ధం చెప్పాడా?" అంది.

"లేదమ్మా. తాతయ్యకు కథ అందింది, లెక్క అందలేదు."

కాసేపు చంద్రుణ్ణి చూసి, "మొదటిదే బాగుంది నాన్నా" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అంతే.